లైసెన్స్ అనే ఒక్క వరుస

నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న ప్లాస్టిక్ విడిభాగాల యూనిట్‌కి ఓడూ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ పెట్టి ఇచ్చాను. సరుకు బయటికి పంపి పని చేయించుకునేవాళ్లకి జాబ్‌వర్క్ చలాన్లు కావాలి. ఆ పని చేసే యాడ్ఆన్ (ఓడూకి తగిలించే అదనపు భాగం) ఒకటి డబ్బు కట్టి కొన్నాను. అంతవరకూ సవ్యంగానే ఉంది. కొన్ని నెలలకి అక్కడే ఇంకో యూనిట్ పని వచ్చింది. ఉప్పల్‌లో నా గదిలో కూర్చుని ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, వెళ్లి అక్కడా పెట్టేశాను. బిల్లులో యాడ్ఆన్ ఖరీదు కూడా వేశాను.

ఓడూ ఓపెన్ సోర్స్ కదా, దాని మీద పెట్టేదీ అంతేలే అనుకున్నాను. పైథాన్ కోడ్ కళ్లముందే కనబడుతోంది, తాళం లేదు. కానీ ఆ ఫోల్డర్‌లోని మానిఫెస్ట్ అనే వివరాల ఫైల్లో, లైసెన్స్ అనే వరుసలో ‘ఓపీఎల్-1’ అని ఉంది. ఆ లైసెన్స్ ప్రకారం కొన్నవాళ్లు వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కాపీలు పంచకూడదు, అమ్మకూడదు. ఓడూ ఉచిత రూపమైన కమ్యూనిటీ ఎడిషన్ 2015లో ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌కి మారింది. దాని మీద రాసిన యాడ్ఆన్‌ని ఎవరి షరతులతో వాళ్లు అమ్ముకోవడానికి ఎల్‌జీపీఎల్ ఒప్పుకుంటుంది.

రెండో యూనిట్‌లో చలాన్ నంబర్లు తప్పుతుంటే, ఎర్రర్ లాగ్‌ని ఉన్నదున్నట్టు యాడ్ఆన్ రాసినాయనకే పంపాను. అందులో డేటాబేస్ పేరు వేరే కంపెనీది. “ఇది ఏ కొనుగోలు కిందది సార్?” అని ఒక్క వాక్యం జవాబొచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తెల్లారి నిజం చెప్పి, రెండో లైసెన్స్ డబ్బు కట్టాను. యూనిట్ యజమానికి చెప్పడం అంతకంటే కష్టమైంది. “దీనికి నా దగ్గర డబ్బు తీసుకున్నావు కదా బాబూ,” అన్నారాయన. 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి వాడినవాళ్లకి 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ఏమీ తెలియని మనిషి కంప్యూటర్లో అలాంటి కాపీ పెట్టింది నేను.

షరతులు డబ్బుకి అమ్మేవాటికే కాదు, ఉచితంగా ఇచ్చేవాటికీ ఉంటాయి. 2008లో అమెరికా అప్పీలు కోర్టు ఒకటి, బొమ్మ రైళ్లు నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద వచ్చిన జాకబ్సన్ కేసులో, ఉచితంగా ఇచ్చినదాని షరతుల్ని కూడా కాపీరైట్ చట్టం కింద అమలు చేయించుకోవచ్చని తేల్చింది. నేను ఉచితంగా వాడుకునే ఓడూని కాపాడేదీ, యాడ్ఆన్ రాసినాయన అమ్ముకునే యాడ్ఆన్‌ని కాపాడేదీ కాపీరైటే. ఒకచోట దాన్ని తొక్కేసి, ఇంకోచోట దాని మీద ఆధారపడి బతకడం న్యాయం కాదు.

ఇప్పుడు ఏ యాడ్ఆన్ పెట్టాలన్నా ముందు మానిఫెస్ట్ తెరిచి ఆ వరుస చదువుతాను. ఏ కస్టమర్ కోసం కొన్నానో ఆ కస్టమర్‌కే రసీదు ఇస్తాను. ఈ పనిలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరూ ఫోల్డర్ కాపీ చేసేముందు ఆ ఒక్క వరుస చదవండి.