పట్టా ఒర్లినప్పుడు

“సార్, కంప్రెసర్ పోయింది. మొత్తం మార్చాల్సిందే. 22,000 అవుతుంది.”

నల్లగొండలో మెకానిక్ ఈ మాట చెప్పింది మా తమ్ముడికి. కారు నాది. నడిపింది నేను. ఏసీ వేయగానే బానెట్ కింద కీచుమంటోందనీ, చల్లదనం తగ్గిందనీ చెప్పిందీ నేనే. మా తమ్ముడికి డ్రైవింగే రాదు. అయినా జవాబు వాడికే వెళ్ళింది. నాకు కోపం వచ్చింది కానీ ఎదురు ప్రశ్న వేయలేదు. వేయాలంటే ఏం అడగాలో తెలియాలి కదా! సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. ఎనిమిదేళ్ళుగా కారు నడుపుతున్నాను. బానెట్ ఎత్తి చూసింది మాత్రం ఏనాడూ లేదు.

మే నెల ఎండ. అద్దాలు దించుకుని మల్లేపల్లి మీదుగా కల్వకుర్తి వైపు బయల్దేరాం. ఆ దగ్గరి ఊళ్ళో ఒక పెద్దమ్మ దగ్గర ఇసుర్రాయి పాటలు రికార్డు చేసుకుంటున్నాను. అది మూడోసారి వెళ్ళడం. ఆమె ఇంటి ముందు ఆగి, మరోసారి చూద్దామని ఏసీ వేశాను. కీచుమంది.

“పట్టా ఒర్లుతున్నది బిడ్డా” అంది పెద్దమ్మ గడపలోంచే. బెల్టును ఆమె పట్టా అంటుంది. “ఎప్పటికీ ఒర్లుతదా, ఆ చల్లగాలి ఏస్తేనే ఒర్లుతదా?”

“ఏస్తేనే పెద్దమ్మా.”

“బరువు మోయలేక జారుతున్నది. లూజన్న అయ్యుండాలె, అరిగి నున్నగన్న అయ్యుండాలె. మా గిర్నిల గింతే. గింజలు ఎక్కువ వోస్తే ఒర్లుతది.”

ఇరవై ఏళ్ళుగా ఆమె పిండి గిర్ని నడుపుతోంది. నాకా సంగతి తెలియక కాదు. రికార్డింగులో చప్పుడు వస్తుందని రెండుసార్లు ఆ గిర్నిని ఆపించింది నేనే.

ఆమె చెప్పింది కారుకూ అక్షరాలా వర్తిస్తుంది. ఇంజన్ పుల్లీ బెల్టుతో కంప్రెసర్ పుల్లీని తిప్పుతుంది. ఏసీ వేయనంతసేపూ అది ఊరికే తిరుగుతుంది. వేయగానే అయస్కాంత క్లచ్ టక్కున పట్టుకుని లోపలి కంప్రెసర్‌ని కూడా తిప్పుతుంది. బరువు పడేది అప్పుడే. ఆ టక్కు వినబడకపోతే ఫ్యూజు, రిలే, గ్యాసు తగ్గడం వంటి కారణాలు వెతకాలి. నా కారులో వినబడుతోంది. అయితే కంప్రెసర్ లోపల బిగుసుకుపోయినా బెల్టు ఇలాగే అరుస్తుంది. తేడా ఎలా తెలుస్తుంది?

“చేతితోని తిప్పి చూడు. ముందుగాల బండి బంద్ వెట్టు. చున్నీ నడుముకు చుట్టుకో. పట్టాకు కనికరం ఉండదు.”

ఇంజన్ ఆపి, చల్లారాక, కంప్రెసర్ ముందున్న పలకను తిప్పాను. ఎక్కడా పట్టకుండా తిరిగింది. బెల్టును బొటనవేలితో నొక్కితే బాగా లోపలికి పోయింది. దాని గాళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి.

మహబూబ్‌నగర్ మెకానిక్‌కి ఇదంతా నేనే చెప్పాను. అతను చూసి, “అవును మేడమ్, బెల్టే” అన్నాడు. కొత్త బెల్టు వేసి బిగించినందుకు 1,400 అయ్యింది. నా కారులో ఏసీకి వేరే బెల్టు. కొన్ని కార్లలో ఒకే బెల్టు ఆల్టర్నేటర్‌నీ నీటి పంపునీ కూడా తిప్పుతుంది. అది తెగితే నడిదారిలో ఆగాల్సిందే. ఈ చిన్న సంగతి ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

1888లో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో, భర్తకు చెప్పకుండా, జర్మనీలో సుమారు 100 కిలోమీటర్లు మోటారు బండిలో వెళ్ళిన కథ నేను ఎన్నో సభల్లో చెప్పాను. పూడుకుపోయిన ఇంధనం గొట్టాన్ని ఆమె టోపీ పిన్నుతో బాగుచేసుకుందని చెబితే చప్పట్లు కొట్టేవారు. ఎక్కడో ఉన్న ఆమె నాకు కనబడింది. నా ఎదురుగా పిండి అంటిన చేతులతో కూర్చున్న పెద్దమ్మ మాత్రం పాడే గొంతుగానే కనబడింది. నల్లగొండలో మెకానిక్ నన్ను చూసిన చూపు, నేను ఆమెను చూసిన చూపు వేరు వేరా?

ఇసుర్రాయి ఆడవాళ్ళ రెక్కల కష్టం. ఆ కష్టంలోంచి వచ్చిన పాట నాకు సాహిత్యమైంది. ఆ రాయి పోయి గిర్ని వచ్చాక, దాన్ని నడిపే ఆడమనిషి తెలివి నాకు చప్పుడైంది.

ఇంటికొచ్చి నా నోట్సు తీశాను. పెద్దమ్మ పేరు పక్కన, వృత్తి అన్నచోట, ఆమెను అడగకుండానే “గృహిణి” అని రాసుకున్నాను. కొట్టేశాను. వచ్చేసారి గిర్ని ఆపమనను. అది నడుస్తుండగానే ఆమెను అడగాల్సినవి చాలా ఉన్నాయి.