నిద్రలేపే కొవ్వు బుడగ

‘రక్తంలో వైరస్ కనపడట్లేదన్నారుగా మేడమ్, ఇంకా ఈ బిళ్లలెందుకు?’

ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌గా ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అడగడంలో తప్పేమీ లేదు. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది 2004 ఏప్రిల్ 1న. అప్పట్లో లేవలేని స్థితిలో వచ్చినవాళ్లు ఇప్పుడు పొలం పనులకు వెళ్తున్నారు, పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నారు. పరీక్షకు అందనంతగా వైరస్ తగ్గి, అలాగే ఉంటే లైంగికంగా మరొకరికి సోకదని కూడా రుజువైంది. అయినా మందు మానొద్దంటాం. ఎందుకని?

కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. హెచ్ఐవీ మన సీడీ4 కణాల్లోకి దూరి, తన జన్యువుని మన డీఎన్ఏలో కలిపేస్తుంది. వాటిలో కొన్ని కణాలు విశ్రాంతిలోకి వెళ్తే లోపలి వైరస్ కూడా నిద్రపోతుంది. మందులు దాని నకళ్లు తయారవకుండా ఆపుతాయి గానీ, నిద్రపోతున్నదాన్ని ఏమీ చేయలేవు. మన రోగనిరోధక శక్తీ దాన్ని గుర్తుపట్టలేదు. విశ్రాంతిలో ఉన్న సుమారు పది లక్షల కణాల్లో ఒక్కదాంట్లో ఉంటే చాలు. మందు ఆపితే చాలామందిలో కొద్దివారాల్లోనే విజృంభిస్తుంది.

అందుకే, ‘ముందు నిద్రలేపాలి, తర్వాత చంపాలి’ అన్నది శాస్త్రవేత్తల ఆలోచన. ఇంతకుముందు వాడి చూసిన మందులు కొంతవరకూ లేపాయి. వైరస్ నిల్వ మాత్రం చెప్పుకోదగ్గట్టుగా తగ్గలేదు.

2025లో మెల్‌బోర్న్‌లోని డోహర్టీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు కొత్త దారి చూపించారు. కొవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాల్లో వాడినలాంటి అతిసూక్ష్మమైన కొవ్వు బుడగలు తీసుకున్నారు. ఒక్కోటి వెంట్రుక మందంలో సుమారు వెయ్యోవంతు! పాతరకం బుడగల్ని విశ్రాంతి కణాలు లోపలికి రానిచ్చేవి కావు. వీళ్లు కొవ్వుల కూర్పు మార్చి ‘ఎల్ఎన్‌పీ ఎక్స్’ తయారుచేశారు. అది లోపలికి వెళ్లింది. అందులో పంపింది ‘టాట్’ అనే ప్రొటీన్ తయారీకి కావాల్సిన ఎంఆర్ఎన్ఏ. టాట్ ఎవరిదనుకున్నారు? హెచ్ఐవీదే! తనను తాను మేల్కొలుపుకునే మీట అది. దొంగ తాళంచెవితోనే దొంగ గది తెరిచారన్నమాట.

ఈ వార్త వచ్చాక ఒకావిడ ఆశగా అడిగింది. భర్త పోయాక కూలిపని చేసి కూతుర్ని చదివించిన మనిషి. పెళ్లిచూపులనాడు చుట్టాల కంట పడకుండా మందు డబ్బాని బియ్యం డబ్బాలో దాచిందట. ‘రోజుకో బిళ్ల మింగడం కష్టం కాదు మేడమ్, దాచడమే కష్టం. మరి ఆ మందొచ్చేసినట్టేనా?’

‘ఇంకా లేదమ్మా’ అన్నాను. జరిగింది ప్రయోగశాలలో, విడిగా తీసిన కణాల మీద. లేచిన వైరస్‌ను శరీరం చంపగలదో లేదో తేలాలి. జంతువుల్లో చూడాలి, తర్వాత మనుషుల్లో క్షేమమో కాదో చూడాలి. ఏళ్లు పడుతుంది.

ఆమె మొహం చిన్నబోయింది. అప్పుడు ఇంకో మాట చెప్పాను. ఆ ప్రయోగానికి కణాలు దానం చేసింది హెచ్ఐవీతో బతుకుతూ, ఏఆర్‌టీ మందులు వాడుతున్నవాళ్లే. ‘మాలాంటోళ్లేనా?’ అంది. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వచ్చే నెల మందులకు ఏ తారీఖున రావాలో అడిగి, చీటీ మీద రాయించుకుని వెళ్లింది.