కొత్త పిస్తోల్, బేగం షరతులు

పిస్తోల్ కొనడానికి నాకు పట్టింది ముప్పావు గంట. దాన్ని ఇంటికి తేవడానికి బేగం దగ్గర ఇజాజత్ దొరకడానికి పట్టింది నాలుగు నెలలు. ఇక్కడ డాలస్ పక్కన ఒక గ్యాస్ స్టేషన్‌లో నాది రాత్రి డ్యూటీ. మన కడప, గుంటూరు, హైదరాబాద్ పిల్లలు ఎంతమంది ఇలాంటి కౌంటర్ల వెనక రాత్రంతా నిలబడుతున్నారో మీలో చాలామందికి తెలుసు. పోయిన చలికాలంలో మా దుకాణానికి రెండు వీధుల అవతల ఒకతనికి తుపాకీ చూపించి గల్లా ఖాళీ చేయించారు. అల్లా దయవల్ల ప్రాణానికేమీ కాలేదు. ఈ ఖయాల్ నాకు ఆ వారమే మొదలైంది. ఫోన్‌లో అమ్మీకి చెబితే "కైకూ బేటా? నౌకరీ బదల్ దే" అంది. అమ్మీ మాట సహీ. కానీ నౌకరీ మార్చడం అంత ఆసాన్ కాదు కదా.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఇదంతా అజీబ్‌గా ఉంటుంది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు తెచ్చుకోవాలి. తెచ్చుకున్నా 9 ఎంఎం పిస్తోల్ మామూలు జనానికి ఇవ్వరు. టెక్సాస్‌లో డ్రైవింగ్ లైసెన్సు, గ్రీన్ కార్డ్ చూపించి 4473 అనే ఫారం నింపాలి. దుకాణం వాడు ఎఫ్‌బీఐ వాళ్ల చెకింగ్‌కి పంపుతాడు. సాఫ్ అని జవాబొస్తే పైసలు కట్టి తీసుకెళ్లడమే. హెచ్-1బీ మీద ఉన్న తమ్ముళ్లకు మాత్రం ఒక మాట. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఆ వీసా మీద తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ జుర్మ్. సరదాకి రేంజ్‌లో ఒకటి అద్దెకు తీసుకునే ముందు కూడా వకీల్‌ని అడగండి.

బేగం షరతులు రెండు. పిస్తోల్ కన్నా ముందు తిజోరీ ఇంటికి రావాలి. రేంజ్‌కి తనూ వస్తుంది. "పేల్చడం నాకొద్దు. ఖాళీ చేయడం నేర్పించండి, చాలు" అంది. తన ఫికర్ దొంగల గురించి కాదు. "మీరు బయటివాడి గురించి ఆలోచిస్తున్నారు. నేను మన నలుగురి గురించి ఆలోచిస్తున్నా. మనిషికి ఎప్పుడో ఒక చెడ్డ రాత్రి వస్తుంది. ఆ రాత్రి ఇది చేతికందే దూరంలో ఉండకూడదు" అంది. అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఖుద్కుషీలే. మన ఇళ్లలో ఈ మాట పైకి అనరు. తను అనేసింది, నా దగ్గర జవాబు లేదు. తిజోరీ తెచ్చి అల్మారా లోపల గోడకి బోల్టులు బిగించాకే కొనడానికి వెళ్లాను.

కాంపాక్ట్ అంటే మరీ చిన్నదేం కాదు. గ్లాక్ 17 పూర్తి సైజు, మ్యాగజైన్‌లో 17 గోలీలు. దాని తమ్ముడు గ్లాక్ 19లో 15. నాది వేరే కంపెనీది గానీ కొలత అదే. పట్టు పొట్టిగా ఉంటుంది కాబట్టి చొక్కా కింద ఎత్తుగా కనపడదు. చేతిలో మాత్రం పెద్దదానికన్నా కాస్త ఎక్కువ ఎగురుతుంది.

కొత్తది కదా అని నేరుగా పేల్చడానికి వెళ్లకూడదు. పెట్టెలో తుప్పు పట్టకుండా కంపెనీ వాళ్లు నూనె పూసి పంపుతారు. గరాజ్ తలుపు తీసి పెట్టి, పిల్లలు మదరసాకి వెళ్లిన వేళ చూసి కూర్చున్నాను. గోలీలు ఆ గదిలోనే ఉండకూడదు, అది ఉసూల్. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, నాలీ మొదట్లో ఉండే గదిలో కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా చూశాను. ఇలాంటి పిస్తోల్ చాలావాటిలో స్లైడ్ ఊడదీయాలంటే ముందు ఘోడా నొక్కాల్సిందే. లోపల ఒక్క గోలీ మిగిలి ఉంటే అది గోడలోకో, ఎవరి మీదికో వెళ్తుంది. నాలీలో గుడ్డ ముక్క దూర్చి తుడిచి, స్లైడ్ జారే పట్టాల మీద ఒక్కొక్క చుక్క నూనె వేశాను. జాస్తీ వేస్తే బారూద్ మసి అంతా పట్టేస్తుంది. మ్యాగజైన్ స్ప్రింగ్ కొత్తలో మహా మొండిది. చివరి రెండు గోలీలు ఎక్కించేసరికి బొటనవేలు ఎర్రబడింది.

శనివారం జోహర్ తర్వాత ఇద్దరం రేంజ్‌కి వెళ్లాం. చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు, వాటి మీద మళ్లీ డిప్పలు, కళ్లకి అద్దాలు. అయినా పక్క లేన్‌లో ఎవరో పేల్చితే ఛాతీలో దబ్‌మంది, బేగం నా మోచేయి పట్టుకుంది. మా ఉస్తాద్ పెద్దాయన, ఫౌజ్‌లో చేసి రిటైరయ్యాడు. కాగితాన్ని 7 గజాల దూరంలో పెట్టించాడు. (మన గజమే, ఇక్కడ యార్డ్ అంటారు.) మొదట ఒక్కటే గోలీ పెట్టమన్నాడు. తర్వాత రెండు. ఒక నొక్కుకి ఒక్కటే పేలుతోందా, ఆఖరిది అయ్యాక స్లైడ్ వెనకే ఆగుతోందా చూడాలట. అది సరిపోయాక ఐదు, ఆ పైన నిండా 15.

115 గ్రెయిన్ గోలీ అంటే ఏడున్నర గ్రాములు, తులం కూడా లేదు. ఆ తులం లేని ముక్క కోసమేనా ఇంత ఎహ్తియాత్ అనిపించింది. నా నిషానా అంతా ఎడమ పక్కకి, కిందికి పడింది. కుడిచేతి కొత్తవాళ్లకి మామూలేనట, పేలుతుందనే డర్‌తో చేయి ముందే వంగుతుందట. డెబ్బై దాటాక ఒకసారి ఖాళీ ఖోఖా బయటికి ఎగరకుండా పొయ్యి గొట్టంలా నిలబడి ఇరుక్కుంది. ఉస్తాద్ చెప్పినట్టు మ్యాగజైన్ అడుగున కొట్టి, స్లైడ్ లాగి వదిలితే ఊడిపడింది. పట్టు గట్టిగా చేయమన్నాడు. తర్వాత 150 వరకూ ఇరుక్కోలేదు. అయినా ఆ ఒక్కటి నా మనసులో ఉండిపోయింది. దుకాణంలో రాత్రి రెండింటికి అలా ఇరుక్కుంటే కొట్టి లాగే ఫుర్సత్ ఎవరిస్తారు?

చివరి పావుగంట బేగంది. మ్యాగజైన్ తీయి, స్లైడ్ లాగు, కిందపడ్డ గోలీ వైపు చూడకు, లోపల చూడు, వేలు పెట్టు. మొదటిసారి స్లైడ్ కదల్లేదు. చేతులతో లాగకు, ఒక చేత్తో స్లైడ్ పట్టుకుని రెండో చేత్తో పట్టుని ముందుకి నెట్టు అన్నాడు ఉస్తాద్. కదిలింది. పది సార్లు చేసింది. పదిసార్లూ నాలీ కాగితం వైపే ఉంది. మసీదులోంచి బాణాలు పట్టుకెళ్లేవాడు మొనల్ని చేత్తో పట్టుకోవాలని హదీస్‌లో ఉంది కదా, కారులో తను అదే గుర్తుచేసింది.

ఇంటికొచ్చాక పిల్లల్ని దగ్గరికి తీసుకోలేదు. గోలీ పొగలో సీసం ఉంటుంది. చల్లటి నీళ్లు, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, బట్టలు విడిగా వాషర్‌లో వేశాకే. చిన్నది తలుపు దగ్గర చేతులు చాచి అలిగింది. తొమ్మిదేళ్ల వాడికి మాత్రం సంగతి తెలిసిపోయింది, పిల్లల దగ్గర ఏం దాగుతుంది? ఎక్కడైనా కనిపిస్తే ముట్టుకోకు, గది వదిలి వచ్చి మాకు చెప్పు అని నేర్పాం. కానీ నేర్పడం మీద భరోసా పెట్టుకోవడం బేగంకి నచ్చదు, నాకూ నచ్చదు. తాళం మీదే భరోసా. 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి లోడు చేసిన తుపాకీ చిక్కేలా వదిలేస్తే టెక్సాస్ చట్టంలో నేరం కూడా.

తిజోరీ నంబర్ మా ఇద్దరికే తెలుసు. దాన్ని బేగం పెట్టింది, మా నికాహ్ తారీఖు కాదు, పిల్లల పుట్టినరోజులూ కాదు. గోలీలు వేరే పెట్టెలో, వేరే గదిలో. వచ్చే శనివారం దుకాణానికి వాడే ఖరీదైన హాలో పాయింట్ గోలీలు యాభై పేల్చి చూడాలి. అవి ఒక్కటీ ఇరుక్కోకుండా వెళ్తే అప్పుడు మాలిక్‌ని అడుగుతాను. అప్పటిదాకా డ్యూటీకి ఖాళీ చేతులతోనే వెళ్తున్నాను. అమ్మీ రోజూ ఇషా తర్వాత ఫోన్ చేసి నౌకరీ సంగతే అడుగుతోంది. పగటి డ్యూటీ ఉన్న దుకాణం ఒకటి ఇర్వింగ్‌లో ఉందని విన్నాను. సోమవారం వెళ్లి మాట్లాడాలి.