ఇంకో సైకిలు

నా దగ్గర ఒక రోడ్ బైక్ ఉంది. ఇంకొకటి కొనాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో ఏడు నెలలుగా నడుస్తోంది. చర్చ అంటున్నాను కానీ మాట్లాడేది ఎక్కువగా నేనే. బైక్ అనగానే బుల్లెట్టో పల్సరో అనుకునేరు, కాదు, సైకిలే. కిందికి వంపు తిరిగిన హ్యాండిలు, సన్నటి టైర్లు, స్టాండూ క్యారియరూ ఏమీ లేని సైకిలు. మా అమ్మ మొదటిసారి చూసినప్పుడు, "ఇంత డబ్బు తీసుకుని స్టాండు కూడా ఇవ్వలేదా వాళ్ళు?" అని అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

అది 2018లో కొన్నాను. కార్బన్ ఫ్రేము, షిమానో 105 గేర్లు, వెనక పదకొండు పళ్ళచక్రాలు, రిమ్ బ్రేకులు. రెండేళ్ళ తర్వాత చక్రాలు కూడా కార్బన్‌వి వేయించాను. ఇప్పటికి 31,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్న నాలుగున్నరకి లేచి గండిపేట వైపో శంకర్‌పల్లి వైపో వెళ్ళి రావడం, ఆదివారాలు చేవెళ్ళ మర్రిచెట్ల కింద నుంచి వికారాబాదు దాకా. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పలకల కప్పుతో, 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు వచ్చాక వారం మధ్యలో కూడా కుదురుతోంది. గొలుసులు మార్చాను, క్యాసెట్లు మార్చాను, కేబుళ్ళు మార్చాను. సైకిలుకి ఏ జబ్బూ లేదు.

జబ్బు లేదు కానీ దాని కాలం దాటిపోయిందని లోకం అంటోంది. నేను కొన్న ఏడాదే, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ, రోడ్ రేసుల్లో డిస్క్ బ్రేకుల్ని పూర్తిగా అనుమతించింది. కంపెనీలన్నీ అటు తిరిగాయి. 2022లో 105 కూడా బ్యాటరీతో నడిచే పన్నెండు గేర్లదయింది. టైర్లు 23 మిల్లీమీటర్ల నుంచి 25కి, 28కి, 30కి లావెక్కాయి. సన్నటి టైరులో రాయిలా గాలి కొడితేనే వేగం అన్న పాత నమ్మకం పోయింది. గరుకు రోడ్డు మీద అలాంటి టైరు ఎగిరెగిరి పడి శక్తిని వృథా చేస్తుందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. నా ఫ్రేములో 28 పడితే గొప్ప. ఇలాంటి వస్తువుని మా ఆఫీసులో 'డిప్రికేటెడ్' అంటాం. పనిచేస్తుంది, కానీ ఇక దాని గురించి ఎవరూ ఆలోచించరు. మా టీంలో పాత ఏపీఐలు తీసేసేటప్పుడు కస్టమర్లకి నోటీసు రాసేది నేనే. ఆ భాష ఎంత మర్యాదగా ఉంటుందో నాకు బాగా తెలుసు.

నేను చూసిపెట్టుకున్న సైకిలు ముదురాకుపచ్చ రంగుది. డిస్క్ బ్రేకులు, ఎలక్ట్రానిక్ గేర్లు, తీగ ఒక్కటి కూడా బయటికి కనపడదు. నాదానికన్నా 1.1 కిలోలు తేలిక. డిస్కౌంటు పోగా 4,60,000. కంపెనీ పేరు చెప్పను, ప్రకటనలా ఉంటుంది.

ఇంజినీరుని కాబట్టి ఎక్సెల్ షీటు తెరిచాను. కిలో బరువుని వంద మీటర్ల ఎత్తుకి ఎక్కించడానికి దాదాపు 980 జౌళ్ళ శక్తి కావాలి. నాలాంటివాడు ఎక్కుడులో నిలకడగా 200 వాట్లు పెడతాడనుకుంటే, అది ఐదు సెకన్ల పని. అంటే సైకిలు కిలో తగ్గితే ప్రతి వంద మీటర్ల ఎత్తుకీ ఐదు సెకన్లు మిగులుతాయి. ఏడాదికోసారి బెంగళూరు వెళ్ళినప్పుడు నంది కొండ ఎక్కుతాను. నాలుగు వందల మీటర్ల పైచిలుకు. 2020 జనవరిలో 31 నిమిషాలు పట్టింది. పోయిన డిసెంబరులో 33 నిమిషాల 20 సెకన్లు. తేడా 140 సెకన్లు. కొత్త సైకిలు వాటిలో తిరిగివ్వగలిగేవి ఇరవై రెండు. మిగతా 118 ఎటు పోయాయో నాకు తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళ నడుముకి ఇంకా బాగా తెలుసు.

చదును రోడ్డు మీద కథ వేరు. అక్కడ బరువు కాదు, గాలి. ముప్ఫై కిలోమీటర్ల వేగంలో మన శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది, ఆ గాలిని అడ్డుకునేది ఎక్కువగా సైకిలు కాదు, దానిమీద కూర్చున్న మనిషి. దీనికి నాకు ఇష్టమైన రుజువు ఒకటుంది. గంటలో ఎంత దూరం తొక్కగలరు అన్నది సైక్లింగులో పాత రికార్డు. 1972లో మెక్సికో సిటీలో ఎడ్డీ మెర్క్స్ 49.431 కిలోమీటర్లు తొక్కాడు. 1996లో క్రిస్ బోర్డ్‌మన్, చేతులు రెండూ సూపర్‌మ్యాన్‌లా ముందుకి చాపి, 56.375 తొక్కాడు. ఇది మనుషుల పోటీయా యంత్రాల పోటీయా అన్న గొడవ ముదిరి, చివరికి యూసీఐ మెర్క్స్ నాటి తరహా సైకిలు మీద, ఆ తరహాలో కూర్చుని తొక్కినదే అసలు రికార్డు అని తీర్మానించింది. 2000లో అదే బోర్డ్‌మన్ మళ్ళీ దిగాడు. ఎంత తొక్కాడు? 49.441. మెర్క్స్ కన్నా పది మీటర్లు ఎక్కువ, తనకన్నా దాదాపు ఏడు కిలోమీటర్లు తక్కువ. మధ్యలో నాలుగేళ్ళ వయసు కూడా ఉంది, అది లెక్కలో పెట్టాలి. అయినా ఏడు కిలోమీటర్లు! యంత్రమూ, దానిమీద ఒళ్ళు పెట్టిన తీరూ మనిషికి ఎంత కలిపాయో ఆ తేడాలో కనిపిస్తుంది. కొత్త సైకిలు వాళ్ళు తమ ఫ్రేము గాలిని ఎంత బాగా కోస్తుందో గ్రాఫులు వేసి చూపిస్తారు. ఆ గ్రాఫులు అబద్ధం కాదు. కానీ నేను ఇంకో రెండంగుళాలు కిందికి వంగి అరగంట ఉండగలిగితే అంతకన్నా ఎక్కువే వస్తుంది. దానికి కావలసిన చాప ఇంట్లోనే ఉంది.

ఈ లెక్కలన్నీ ఇంత చక్కగా తేలాక కూడా సైకిలు కావాలనే అనిపించడం నాకు ఆశ్చర్యంగా ఉంది. అందుకని ఒక పుస్తకం మళ్ళీ తీశాను. టిమ్ క్రాబే అనే డచ్చి రచయిత 1978లో రాసిన నవల, ఇంగ్లీషులో 'ది రైడర్'. ఫ్రాన్సులోని సెవెన్ కొండల్లో జరిగే ఒక్క రేసే నవలంతా, కిలోమీటరు రాళ్ళ వెంబడి నడుస్తుంది. సైకిల్ తొక్కడం మీద నేను చదివినవాటిలో దీన్ని మించింది లేదు. అందులో జాక్ అంకెటీల్ గురించి ఒక పిట్టకథ ఉంది. టూర్ ద ఫ్రాన్స్ ఐదుసార్లు గెలిచిన అంకెటీల్, కొండ మొదలవగానే నీళ్ళసీసాని ఫ్రేము మీంచి తీసి వీపు జేబులో పెట్టుకునేవాడట. ఎందుకంటే ఎక్కుడులో సైకిలు వీలైనంత తేలిగ్గా ఉండాలి కాబట్టి!

హైస్కూలు ఫిజిక్సు చదివినవాడెవడైనా నవ్వుతాడు. సీసా ఎక్కడున్నా కొండెక్కాల్సిన బరువు మారదు. క్రాబే అక్కడితో ఆగడు. ఆ తర్వాత తను చూసిన అంకెటీల్ ఫొటోలన్నింటిలో సీసా ఫ్రేముకే ఉందని కూడా చెప్తాడు. అయినా ఆ కథని వదులుకోడు. దీన్ని చాలామంది నమ్మకం గురించిన కథగా చదువుతారు, ఆటగాడికి లాజిక్కు కన్నా నమ్మకం ముఖ్యం అని. నాకు మాత్రం అది నాలాంటివాళ్ళ మీద వేసిన జోకులాగే కనిపిస్తుంది. బరువుని ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చి తేలికపడటం. నా షీటులో నేను చేసిందీ అదే. 4,60,000 ని మొదట 'సరదా' కాలమ్‌లో వేశాను, రెండో వారంలో 'ఆరోగ్యం'లోకి జరిపాను. పదేళ్ళకి పరిచి చూస్తే నెలకి నాలుగు వేలు కూడా కాదని పక్కన రాసుకున్నాను.

మా ఆవిడ చార్టర్డ్ అకౌంటెంటు. షీటు చూసి, "మార్చి నెలాఖరుకి మా క్లయింట్లు చేసే పనే ఇది," అంది. తర్వాత అన్న మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "కొనొద్దని నేను అనట్లేదు. నచ్చింది, కావాలి అని చెప్పు, కూర్చుని ఆలోచిద్దాం. ఇరవై రెండు సెకన్లనీ ఆరోగ్యమనీ చెప్పకు. నీ ఆరోగ్యానికి ఉన్న సైకిలు చాలు."

సరే, అంకెలు లేకుండా చెప్పాలంటే ఏం చెప్తాను?

వాన బ్రేకులు అని చెప్పగలను. ఇది నిజమైన కారణం. కార్బన్ రిమ్ము తడిస్తే బ్రేకు నొక్కాక ఒక క్షణం ఏమీ జరగదు, ఆ క్షణంలో ఎదురుగా ఆటో ఉంటుంది. డిస్కుకి ఆ బాధ తక్కువ. కానీ సైకిలుతో వచ్చిన అల్యూమినియం చక్రాలు అటక మీద ఉన్నాయి. వాటికి తడిలో కార్బన్ కన్నా పట్టు ఎక్కువ. బ్రేకు రబ్బర్లు మార్చుకుంటే చాలు. జులైలో దించి బిగించాను. ఖర్చు తొమ్మిది వందలు. నా బలమైన వాదన అలా తొమ్మిది వందల్లో పోయింది.

ఇక మిగిలింది అందం. ఆ ఆకుపచ్చ నిజంగా బావుంటుంది, నీడలో దాదాపు నల్లగా, ఎండలోకి రాగానే చింతచిగురు మెరుపు. బటన్ నొక్కితే గేరు మారే చిన్న చప్పుడు. అంత డబ్బు అందానికా అని అడిగేవాళ్ళు, అదే డబ్బుతో హారం చేయిస్తే దాని ఉపయోగం ఏమిటని అడగరు. దీనికి మా ఆవిడ దగ్గర జవాబు ఉంది: హారం షాపు గుమ్మం దాటగానే సగం ధర కాదు. నిజమే. పైగా బంగారం సంగతి ఇప్పుడు ఊరికే రాదు. మార్చిలో మా టీంలో పదకొండు మందిలో నలుగుర్ని తీసేశారు. పద్ధెనిమిది నిమిషాల వీడియో కాల్, మర్యాదైన భాష. వాళ్ళలో ఒకడు ఐదేళ్ళుగా నాతో ఆదివారాలు తొక్కే కుర్రాడు. పోయిన నెల తన సైకిలు అమ్మకానికి పెట్టాడు. మంచి సైకిలు, నేను చూసిపెట్టుకున్నదానికి ఏమాత్రం తీసిపోదు. "అన్నా, మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి," అని ఫోన్ చేశాడు. నన్ను అడగలేదు. అది 56 సైజు, నాది 54. నా సైజే అయ్యుంటే వాడు ఏమని అడిగేవాడో, నేను ఎంత ధర చెప్పేవాణ్ణో ఆలోచించడం నాకు ఇష్టం లేదు. వాణ్ణి సగం ధరకి అమ్మొద్దన్నాను. "నవంబరు దాకా చూస్తాను అన్నా," అన్నాడు.

ఉద్యోగం పోతే ఎనిమిది నెలలు ఇల్లు గడవడానికి పక్కన పెట్టిన డబ్బు ఉంది. సైకిలు కొంటే అది ఐదు నెలలవుతుంది. ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్ళు. ఈ మూడు నెలలు నా షీటులో ఏ కాలమ్‌లోనూ లేవు, ఆవిడ షీటులో మొదటి వరసలో ఉన్నాయి. ఎనిమిది నెలలంటే నచ్చని ఉద్యోగాన్ని ఒకసారి వద్దనగలిగే వ్యవధి. ఐదు నెలలైతే వచ్చినదాన్ని పట్టుకోవాలి. ఆకుపచ్చ రంగుకి ఎదురుగా తూకంలో పెట్టాల్సింది అది. సెకన్లని కాదు.

ఈ ఏడాది కొనట్లేదని మా ఆవిడకి చెప్పాను. "మరి నచ్చిందా లేదా?" అని అడిగింది. నచ్చిందన్నాను. "అదీ," అని తన పని తను చూసుకుంది.

షాపతనికి కూడా మెసేజ్ పెట్టాను. ఆ 54 సైజు ఆకుపచ్చది ముందురోజే ఎవరో తీసుకెళ్ళారట. "నలుపు ఒకటి ఉంది సర్, ఇంకో పాతికవేలు తగ్గిస్తా," అన్నాడు. నలుపు నాకు నచ్చదు. మళ్ళీ ఆకుపచ్చ ఎప్పుడొస్తుందని మాత్రం అడిగాను.