ఒకే పళ్ళెంలో భోజనం

వార్ధక్యంలో ఆకలి మందగించడానికి జీర్ణశక్తి తగ్గడం ఒక్కటే కారణం కాదు. ఒంటరిగా భుజించడం కూడా ప్రబలమైన కారణమే. నా అర్ధాంగి గతించిన తరువాత ఇది నాకు స్వానుభవమైంది. ఏడాదిలో ఆరు కిలోల బరువు తగ్గాను. పరీక్షలన్నీ చేయించుకున్నాను, ఏ వ్యాధీ బయటపడలేదు.

ఆ దశలో అమెరికాలోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఉన్న మా అమ్మాయి వద్దకు వెళ్ళాను. వాషింగ్టన్ పరిసరాలలో ఇథియోపియా దేశీయులు అధిక సంఖ్యలో స్థిరపడ్డారు. ఒక శుక్రవారం మా అమ్మాయి తమ వీధి చివర ఆరు బల్లలు మాత్రమే ఉన్న వారి చిన్న భోజనశాలకు నన్ను తీసుకువెళ్ళింది.

ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలలో ఉపవాస నియమంగా మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందుచేత నావంటి శాకాహారికి అక్కడ కొదవ లేదు. వెడల్పాటి పళ్ళెంలో ఇంజెరా పరచి, దానిమీదనే మసూర్ పప్పుతో వండిన 'మిసిర్ వొట్', శనగపిండితో చేసిన 'షిరో', 'గోమెన్' అనే ఆకుకూర వడ్డించారు. పప్పులో వేసిన 'బెర్బెరె' కారప్పొడి ఘాటు మన నాలుకకు పరాయిది కాదు.

ఇంజెరా చూపునకు మెత్తని దోసెను పోలి ఉంటుంది. టెఫ్ అనే అతి సన్నని ధాన్యపు పిండిని కొన్ని రోజులు పులియబెట్టి, పెనం మీద మూతపెట్టి ఒకవైపే కాలుస్తారు. టెఫ్‌లో ఇనుము, కాల్షియం, పీచు ఉన్నాయి. పులియడం వలన ఫైటేట్లు తగ్గి, ఇనుము శరీరానికి మెరుగుగా అందుతుంది. టెఫ్‌లో గ్లూటెన్ లేదు. అయితే విదేశాలలో గోధుమ లేదా బార్లీ పిండి కలపడం కద్దు. సీలియాక్ వ్యాధిగ్రస్తులు విచారించి మరీ తినాలి. మధుమేహం ఉన్నవారు ఇంజెరా తగ్గించి, పప్పు, ఆకుకూరల పాలు పెంచుకోవాలి.

అందరూ ఒకే పళ్ళెంలో తినడం వారి ఆచారం. ఎంగిలి పట్టింపుల మధ్య పెరిగిన నేను క్షణకాలం తటపటాయించాను. అంతలో మా అమ్మాయి ఇంజెరా తుంచి, పప్పు చుట్టి, నా నోటికి అందించింది. ఈ విధంగా తినిపించడాన్ని వారు 'గుర్షా' అంటారు. అది ఆప్యాయతకు, గౌరవానికి చిహ్నం. చిన్ననాడు దానికి వాళ్ళమ్మ తినిపించిన గోరుముద్దలు కళ్ళ ముందు మెదిలాయి. చాలాకాలానికి ఆ పూట కడుపునిండా తిన్నాను. అక్కడున్న మూడు నెలలూ మాకు శుక్రవారం భోజనం అక్కడే. ఇంట్లో కూడా అందరం కలిసి తినసాగాం. నేను స్వదేశానికి తిరిగివచ్చేనాటికి రెండు కిలోల బరువు పెరిగింది.

మీ ఇంటి పెద్దలు అకారణంగా చిక్కిపోతుంటే మొదట వైద్యునికి చూపించండి. అందులో ఆలస్యం తగదు. ఏ రోగమూ లేదని తేలితే, టానిక్కులు కొనితెచ్చే ముందు రోజుకు ఒక్కపూటైనా వారి సరసన కూర్చుని భోజనం చేయండి. చేతులు శుభ్రంగా కడుక్కుని, వీలైతే ఒక ముద్ద మీరే కలిపి అందించండి.