లెక్కలో ఒకడు తక్కువ

చివరి మూడేళ్లూ మా తాతయ్య సాయంత్రం చీకటి పడుతుండగా ఇంట్లోవాళ్లందరినీ లెక్కపెట్టేవారు. టీవీ పక్కన నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్కరి మొహం చూస్తూ ‘ఏక్, దో, తీన్’ అనేవారు. లెక్క సరిపోతే ‘సబ్ ఠీక్’ అని వెళ్లి కూర్చునేవారు. సరిపోకపోతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండేది కాదు. సరిపోని రోజులే ఎక్కువ. నేను హైటెక్ సిటీలో అమెరికా షిఫ్టు చేసేవాణ్ణి మరి.

ఆయన లెఫ్టినెంట్ కర్నల్‌గా రిటైరయ్యారు. ఊరు విజయనగరం దగ్గర. 1962లో చైనాతో యుద్ధం వచ్చాక కుర్రాళ్లను ఎమర్జెన్సీ కమిషన్ కింద తీసుకుంటున్నారని తెలిసి, ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టారట. మద్రాసులో శిక్షణ, తర్వాత ఫిరంగి దళం. 1971 యుద్ధంలో ఉన్నారని మాకు తెలుసు. ఏం జరిగిందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే, ‘చలి ఎక్కువరా అక్కడ’ అనేవారు.

అమ్మానాన్నలిద్దరివీ ఉద్యోగాలు కావడంతో నన్ను చూసుకోవడానికే ఆయన ఊరొదిలి హఫీజ్‌పేట్ వచ్చారు. ఎంఎంటీఎస్ రైళ్లు మొదలై ఏడాదో రెండేళ్లో అయింది అప్పటికి. స్కూలు నుంచి రాగానే నన్ను స్టేషనుకు తీసుకెళ్లేవారు. లింగంపల్లి నుంచి వచ్చే బండికి ఎన్ని పెట్టెలు, పెట్టెకు ఎన్ని కిటికీలు, మొత్తం ఎన్ని? ఎక్కాలు నాకు అలా వచ్చాయి. ఆదివారం పొద్దున బాల్కనీలో పేపరు పరిచి మా ఇంటిల్లిపాది బూట్లకూ పాలిష్ పెట్టేవారు, అమ్మ చెప్పులతో సహా. అమ్మకు ప్రాణం పోయేది సిగ్గుతో.

2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ జరిగింది. చనిపోయిన ఇరవైమందిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు ఉన్నారు. ఆయన చదివింది మా ఊరి దగ్గరున్న కోరుకొండ సైనిక్ స్కూల్లో. ‘మన కోరుకొండ కుర్రాడు’ అంటూ తాతయ్య ఆ రెండు రోజులూ టీవీ ముందు నుంచి లేవలేదు. అంత్యక్రియలయ్యాక నాన్నను అడిగారు: ‘మిగతావాళ్లు లెక్క తేలారా?’ గంట తర్వాత మళ్లీ అదే ప్రశ్న. రాత్రి రెండింటికి లేపి మళ్లీ. దుఃఖం అనుకున్నాం. లాక్‌డౌన్ ప్రభావం అనుకున్నాం. స్కానింగులూ పరీక్షలూ అయ్యాక డాక్టరు అల్జీమర్స్ అన్నారు. డోనెపెజిల్ రాసి, ఇది జబ్బును నయం చేయదు, కొన్నాళ్లు లక్షణాలు కాస్త అదుపులో ఉండొచ్చు అన్నారు. పొద్దు వాలేసరికి ఈ జబ్బువాళ్లలో కలవరం పెరుగుతుందని కూడా ఆయనే చెప్పారు. మన దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. మా అపార్టుమెంటులో మాత్రం ఎవరికీ లేదు. అందరికీ ‘కొంచెం మతిమరుపు’, అంతే.

ఈ లెక్క గోలేమిటో ఆయన యూనిట్‌లో పనిచేసిన సుబేదారు ఒకాయన ఫోనులో చెబితే తెలిసింది. ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయాక వాళ్ల సైనికులు, పౌరులు కలిపి సుమారు 93 వేల మందిని మనదేశంలోని శిబిరాల్లో ఉంచారు. 1974 వేసవికి గానీ అందరూ తిరిగి వెళ్లలేదు. తాతయ్యకు కొంతకాలం రాంచీ శిబిరంలో కాపలా డ్యూటీ వేశారట. పొద్దునా సాయంత్రం గిన్తీ. ఒక్క తల తగ్గినా మళ్లీ మొదటి నుంచి లెక్క, దొరికేదాకా ఎవరికీ అన్నం లేదు, ఆయనతో సహా.

‘వాడు ఆఫీసులో ఉన్నాడు మామయ్యగారూ’ అని అమ్మ ఎంత చెప్పినా వినేవారు కాదు. తలుపు దగ్గర పెనుగులాట. ఒకసారి అమ్మ చేతికి గోళ్లు దిగాయి. మేమూ విసుక్కున్నాం, అరిచాం. అమ్మ బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చేది. గేటు దగ్గరుండే శ్రీకాకుళం గార్డు ఒక్కడికే కిటుకు తెలిసింది. వచ్చి అటెన్షన్‌లో నిలబడి, ‘సర్, మీ మనవడు రాత్రి డ్యూటీలో ఉన్నాడు సర్, పొద్దున రిపోర్ట్ చేస్తాడు’ అనేవాడు. తాతయ్య తలూపి లోపలికి వెళ్లిపోయేవారు.

2022 వానాకాలంలో ఆ గార్డు సెలవు మీద ఊరెళ్లాడు. ఒక అర్ధరాత్రి అమ్మ ఫోను చేసింది, తాతయ్య మంచం మీద లేరని. సీసీ కెమెరాలో చూస్తే కనబడ్డారు: ఇన్‌షర్ట్, బెల్టు, చేతులు ఊపుతూ తిన్నగా నడక. కొత్త గార్డు లేచి సెల్యూట్ కొట్టి మరీ గేటు తీశాడు. వాణ్ణేమనగలం! అంత దర్జాగా వెళ్లే మనిషిని ఎవరాపుతారు?

వంద నంబరుకు చెప్పాం. ఫ్లైఓవర్ కింద, మదీనాగూడ వైపు, కొండాపూర్ వైపు, మూసేసిన షట్టర్ల ముందు పడుకున్నవాళ్ల మొహాల మీద టార్చి వేసుకుంటూ తిరిగాం. తెల్లారుతుండగా పట్టాలు చూసుకుంటూ వస్తున్న కీమ్యాన్‌కు కనబడ్డారు, హఫీజ్‌పేట్, హైటెక్ సిటీ స్టేషన్ల మధ్య. లైను పక్కన పేర్చిన సిమెంటు స్లీపర్ల మీద తడిసి ముద్దై కూర్చున్నారు. కుడికాలికి ఆయన నల్ల బూటు, ఎడమకాలికి నా పాత స్పోర్ట్స్ షూ. రెండింటి లేసులూ శుభ్రంగా కట్టి ఉన్నాయి. కంకర మీద పడ్డట్టున్నారు, మోచేతులు చీరుకుపోయాయి.

నేను ఎదురుగా కూలబడ్డాను. నన్ను ఎగాదిగా చూసి, ‘మా మనవడు, ఎనిమిదేళ్లుంటాయి. నీలం బ్యాగు. ఇటు వచ్చాడా బాబూ?’ అన్నారు.

‘ఇంటికి చేరాడు సర్’ అన్నాను. లేచి నాతో వచ్చేశారు.

తర్వాత పగటి షిఫ్టుకు మారాను, అలవెన్సు పోయింది. తలుపుకు ఆయన చూపు పోని ఎత్తులో గడియ పెట్టించాం. చేతికి ఫోను నంబరు పట్టీ కడితే విప్పి పారేసేవారు. సైనికులు వేసుకునే గుర్తింపు బిళ్లలా గుండ్రంగా చేయించి నంబరు చెక్కించి ఇస్తే, మారుమాట లేకుండా మెడలో వేసుకున్నారు. 2024 జనవరిలో, మింగడం కూడా మరిచిపోయాక, ఊపిరితిత్తుల్లో నిమ్ముచేసి ఇంట్లోనే పోయారు.

మూడో అంతస్తు ఆవిడ ఇప్పుడు మా అమ్మ దగ్గరకొస్తోంది. వాళ్లాయన బ్యాంకు మేనేజరుగా చేశారు. సాయంత్రమయ్యేసరికి క్యాష్ టాలీ కాలేదని బీరువాల్లోవన్నీ లాగి పోస్తున్నారట. వాదించకు, కాగితం మీద నాలుగంకెలు వేసి, ‘టాలీ అయింది సర్’ అని సంతకం పెట్టించుకో అని అమ్మ చెప్పింది. రెండు రోజులు పనిచేసిందట. మూడోరోజు ఆయన ఆ కాగితమే పట్టుకుని, కూడిక తప్పని తిట్టారట.