వెనక సందు వైపు గోడ

"సార్, మీరు కూడా హౌస్ ఓనర్ అయిపోయారంట గదా!" పోయిన వారం ఒక విద్యార్థి నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వులో చిన్న ముల్లు ఉంది. అద్దె ఇళ్ళలో కులం గురించి ఇన్నేళ్ళు మాట్లాడిన మనిషి ఇప్పుడు అద్దెలు వసూలు చేసుకుంటున్నాడేమిటని. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈ భాగం దాని గురించి.

అవును, రెండేళ్ళ కింద తెనాలిలో ఒక పాత మిద్దె కొన్నాను. 180 గజాలు, మూడు పోర్షన్లు. కట్టి అరవై ఏళ్ళు దాటింది. లోనుకి వెళితే బ్యాంకు వాళ్ళు స్థలానికే విలువ కట్టారు, గోడల్ని లెక్కలోకి తీసుకోలేదు. జీతం డబ్బులతో బతికే మనలాంటి వాళ్ళకి టౌను మధ్యలో ఇల్లు దొరికిందంటే ఆ గోడలు ఎవరికీ అక్కర్లేక పోబట్టే.

ముందు రిపేర్ల సంగతి చెబుతాను. టేకు దూలాల మీద ఇటుక పరిచి, పైన సున్నపు కాంక్రీటు వేసిన మిద్దె అది. వానొచ్చి కారినప్పుడల్లా పాత ఓనర్లు పైన ఇంత సిమెంటు పూసి వదిలేశారు. పూత మీద పూత. బరువు పెరిగింది, చెమ్మ లోపలే ఉండిపోయింది, గోడలోకి దిగిన దూలాల కొసలు పుచ్చిపోయాయి. మా పల్లె మేస్త్రి బాబాయ్ గోడని వేళ్ళతో తట్టి చూసి ఒకటే మాటన్నాడు: "సిమెంటు గీకేద్దాం సారూ. సున్నం గోడ గాలి పీల్చుద్ది. దాని మూతి కట్టేస్తే ఉప్పు కక్కుద్ది." కింద నుంచి మూడడుగుల దాకా సిమెంటంతా గీకి మళ్ళీ సున్నంతోనే పూశాం. రెండు దూలాలు తీసి ఇనప గర్డర్లు వేశాం. వైరింగ్ మొత్తం మార్చి మూడు పోర్షన్లకి మూడు కరెంటు మీటర్లు తీసుకున్నా. ఒకే మీటరు మీద మూడు కుటుంబాల వాడకం కలిస్తే యూనిట్లు పై శ్లాబులోకి పోతాయి. ఆ భారం మోసేది అద్దెకున్నవాళ్ళే. మొత్తం 7 లక్షల 20 వేలు అయింది.

అసలు విషయం ఇప్పుడు.

వెనక పోర్షన్ గోడ గీకుతుంటే, కింద నేలకి ఆనుకుని, అడుగున్నర వెడల్పు కన్నం బయటపడింది. తుప్పు పట్టిన రేకు తలుపు, దానికి అడ్డంగా నాలుగు ఇటుకలు. అవతల వెనక సందు. కుర్ర కూలీలకి అదేమిటో తెలియలేదు. బాబాయ్‌కి తెలిసింది. "మా అమ్మమ్మ ఇట్టాంటి సందుల్లోనే తిరిగింది సారూ" అని తాపీ పక్కన పెట్టి కూర్చున్నాడు.

పాత టౌన్లలో ఇళ్ళు కట్టినప్పుడే ఆ ఏర్పాటు ఉండేది. ముందు అరుగు, వీధి గుమ్మం, దేవుడి గూడు. వెనక మనిషి మలాన్ని మనిషి ఎత్తుకుపోవడానికి ఒక కన్నం, ఆ మనిషి ఇంట్లో ఎవరికీ ఎదురు పడకుండా ఒక సందు. కులం మనసుల్లోనే ఉందనేవాళ్ళకి ఆ కన్నం చూపించాలి. కొలత వేసి, మేస్త్రికి చెప్పి కట్టించుకున్నారు.

కన్నం మూయించేశాను. ఇల్లు మనుషులు ఉండటానికి, మ్యూజియం పెట్టడానికి కాదు. ఇప్పుడక్కడ గుర్తు కూడా లేదు. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నా.

కానీ ఆ పని పోయిందా? మరుసటి వారమే సెప్టిక్ ట్యాంకు నిండింది. "ఇద్దర్ని పంపిస్తా సార్, రాత్రికి దిగి ఎత్తేస్తారు, లారీ కంటే సగానికే అవుద్ది" అన్నాడు ఒక కాంట్రాక్టరు. ఆ ఇద్దరూ ఏ పేట నుంచి వస్తారో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు. మనుషుల చేత పాకీ పని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దించితే, 2013 చట్టం ప్రకారం మొదటి నేరానికే రెండేళ్ళ దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బెజవాడ విల్సన్ లాంటి వాళ్ళు జీవితమంతా పెట్టి పోరాడుతున్నా మనుషులింకా ట్యాంకుల్లో చస్తూనే ఉన్నారు. ఎందుకంటే ఫోను చేసేది ఇంటి ఓనరు, అతని లెక్క సగం రేటు. నేను యంత్రం లారీనే పిలిపించాను. ట్యాంకు మూత కూడా మార్పించి పైపు పట్టే కన్నం మాత్రమే ఉంచాను. ఓనర్ కావడమంటే ఇలాంటి ఫోన్లు మన చేతిలోకి రావడం.

ఆ తర్వాత టు-లెట్ బోర్డు పెట్టాను. వచ్చిన మొదటి కుటుంబానికి ఇల్లు నచ్చింది. అడ్వాన్స్ మాట్లాడుకున్నాం. పెద్దావిడ వరండాలో అంబేద్కర్ ఫొటో చూసి, "మీరేవిట్లు బాబూ?" అంది. చెప్పాను. సాయంత్రానికి ఫోనొచ్చింది, వాస్తు కుదరలేదట. రెండో కుటుంబానికీ వాస్తే అడ్డొచ్చింది. బ్రోకర్ మంచి మనసుతోనే సలహా ఇచ్చాడు: "ఫొటో లోపల పెట్టుకోండి సార్. అద్దెలొచ్చాక మళ్ళీ పెట్టుకోవచ్చు."

అద్దెకి వెళ్ళినప్పుడు మన కులం అడుగుతారని తెలుసు. అద్దెకిచ్చేటప్పుడు కూడా అడుగుతారని ఓనరయ్యాకే తెలిసింది. 1917లో బరోడా సంస్థానంలో కొలువు చేస్తూ కూడా అంబేద్కర్ తలదాచుకోవడానికి పార్శీ పేరు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి బయటపడగానే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఆయన ఫొటోనే దాచి అద్దెలు తెచ్చుకోవాలా?

ఫొటో అక్కడే ఉంది. ముందు పోర్షన్ మూడు నెలలు ఖాళీగా ఉంది. నెలకి 5,500 చొప్పున 16,500 రూపాయలు. ఈఎంఐ మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు. చివరికి ఒక ముస్లిం దంపతులు వచ్చారు, ఇద్దరూ ప్రైవేటు స్కూలు టీచర్లు. అప్పటికి తొమ్మిది ఇళ్ళు తిరిగారట. నేను అడిగినవి రెండే: ఎంతమంది ఉంటారు, ఏ తారీఖుకి అద్దె ఇవ్వగలరు. ఆమె ఇంకో ప్రశ్న కోసం కాసేపు నిలబడింది. లేదని తెలిశాక కూర్చుంది.

రాజ్యాంగం 15(2) అధికరణలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్లు ఉన్నాయి. అద్దె ఇల్లు అన్న మాట లేదు. అక్కడ చట్టం కోసం కొట్లాడాల్సిందే. చట్టం వచ్చేలోపు మనలో ఉద్యోగాలొచ్చి, లోన్లు తీసుకుని ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు వేలమంది ఉన్నారు. వాళ్ళకి నాదొక ప్రశ్న: మీ టు-లెట్ బోర్డు మీద ఏం రాసి ఉంది? మన పిల్లలు రూము అడగడానికొస్తే మీరు అడిగే మొదటి మాట ఏది? మాల, మాదిగ, రెల్లి అని మనలో మనం వేరే లెక్కలు తీస్తున్నామా?

ఆ 16,500 నా పుస్తకంలో నష్టం కింద రాయలేదు. సున్నం, గర్డర్లు, వైరింగ్ తర్వాత, రిపేర్ల ఖర్చు కిందే రాశాను.

జై భీమ్.